వెలగని ఆయిల్ లైటు

ట్రాక్టరుకు కట్టిన తాడు ఇంకా విప్పనేలేదు. కారు తలుపు దభాలున తోసుకుని జానకిరామయ్య దిగాడు.

“ఒరేయ్ హబీబూ! బయటికి రారా! నా బిడ్డ బతుకు బుగ్గిచేసి లోపల దాక్కుంటావా?”

గురజాల బస్టాండుకు కాస్త ఇవతల ఉన్న షెడ్డు అది. జీపు కింద పడుకుని పనిచేస్తున్న హబీబ్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ల బళ్లన్నీ ఇరవై ఏళ్లుగా అతని చేతి మీదే నడుస్తున్నాయి. అతన్నెవరూ ఇలా నడివీధిలో నిలబెట్టి కేకలేసింది లేదు.

“ఏమైందన్నా?”

“ఏమైందా? పిడుగురాళ్ల ఇంకా రాకముందే ఇంజను పట్టేసింది. నరసరావుపేటలో తొమ్మిదింటికి పరీక్ష గేటు మూసేశారు. నా బిడ్డ ఆటో పట్టుకుని, బస్సు పట్టుకుని, పరిగెత్తి పోయేసరికి తొమ్మిదీ పది. పది నిమిషాల్రా! చేతులెత్తి మొక్కినా తియ్యలేదంట. వచ్చే ఏడాదికి ఆ ఉద్యోగానికి వయసు దాటిపోద్ది. ఏం సమాధానం చెప్తావ్?”

కారులోంచి దీపిక నెమ్మదిగా దిగింది. చేతిలో హాల్ టిక్కెట్టు అలాగే ఉంది. తిరుగు బస్సులో వచ్చి, దారిలో ఆగిపోయిన కారు దగ్గరే దిగి, తండ్రితోపాటు ఇక్కడిదాకా వచ్చింది.

హబీబ్ వంగి ఇంజను కింద చూశాడు. పొట్టంతా నూనె జిడ్డు.

“ఆయిల్ మొత్తం కారిపోయిందన్నా. సీలు మార్చాలని నెల కిందే చెప్పినా గదా.”

“చెప్పావ్. మిరపకోతలు కానీలే అన్నా. అప్పుడు నువ్వేమన్నావ్? అందరూ వినేట్టు చెప్పు!”

“అప్పటిదాకా ఆయిల్ లైటు మీద ఓ కన్నేసి ఉంచన్నా, నడుస్తుండగా నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం ఉన్నచోటే ఆపెయ్ అన్నా.”

“అదే వెలగలేదురా! అరగంట తోలా. రోడ్డు చూశానో లేదో గానీ మీటర్లు మాత్రం చూస్తూనే ఉన్నా. వెలిగితే ఆపనా? నా కూతురు కూర్చున్న బండి అది!”

పక్కనున్న టీ కొట్టులో జనం గ్లాసులు పట్టుకునే లేచి వచ్చారు. జానకిరామయ్య మాజీ సర్పంచి. ఆయన కోపం చూడ్డానికి ఎప్పుడూ నలుగురు దొరుకుతారు.

“అన్నా, ఒక్కటి చెప్పు,” హబీబ్ గొంతు తగ్గించి అడిగాడు. “తాళం తిప్పగానే, ఇంజను అందుకోకముందు, లైట్లన్నీ ఒకసారి వెలుగుతయ్ గదా. అప్పుడైనా ఆయిల్ లైటు కనపడిందా?”

“శుక్రవారం దాకా కనపడింది. ఆ తర్వాత అదీ లేదు. ఎర్రలైటు రాకపోతే మంచిదేలే అనుకున్నా, పిచ్చోణ్ణి! శుక్రవారం పొద్దున ఈ బండికి నువ్వేం చేశావో చెప్పు!”

“హారన్ మోగట్లేదంటే బాగుచేశా.”

“హారన్ పేరు చెప్పి స్టీరింగు కింద చెయ్యి పెట్టావ్. ఆ లైటు వైరు పీకావ్! ఇంజను పోతే పనంతా నీకే వస్తదని! నేనేమో హారన్ మోగిందని సంబరపడి, ఇక్కణ్ణించి ఇటే గుడికి పోయి, అమ్మవారి ముందు హాల్ టిక్కెట్టు పెట్టి, బండికి పూజ చేయించుకుని వచ్చా. నా వెనకాల నువ్వు తీసిన గొయ్యి నాకేం తెలుసు?”

“అల్లా మీద ఒట్టన్నా, నేను వైరు ముట్టుకోలేదు.”

“ఒట్లు నీ దగ్గరే పెట్టుకో! రేపట్నించి మా ఊరి బండి ఒక్కటి నీ షెడ్డు తొక్కితే నన్నడుగు!”

అది ఉత్త బెదిరింపు కాదని హబీబ్‌కు తెలుసు. ఆయన మాటంటే నాలుగు ఊళ్లు వింటాయి. అయినా ఆ మాట కన్నా, ఆ తర్వాత వినపడ్డ చిన్న గొంతు అతనికి ఎక్కువ తగిలింది.

“నిజంగా పీకావా బాబాయ్?” అంది దీపిక.

హబీబ్ కారు దగ్గరికి నడిచాడు. కారు తలుపు తీసి వంగి, తాళం తిప్పాడు. బ్యాటరీ లైటు వెలిగింది. హ్యాండ్ బ్రేకు లైటు వెలిగింది. ఇంజను బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది. నూనె డబ్బా మాత్రం లేదు.

“చూశారా! చూశారా! అన్నీ ఉన్నయ్, అదొక్కటే లేదు!” జానకిరామయ్య జనం వైపు తిరిగి తొడ చరిచినంత పనిచేశాడు. “ఇంకేం సాక్ష్యం కావాలి?”

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. హబీబ్ మీటర్ల అద్దం మీదికి చెయ్యి చాపాడు.

“చెయ్యి తియ్! ఆ గ్రీజు చేత్తో అమ్మవారి బొట్టు ముట్టుకుంటావా? నా బిడ్డకు ఉద్యోగం రావాలని నా చేత్తో నేను పెట్టిన బొట్టు అది!”

హబీబ్ చెయ్యి గాల్లోనే ఆగింది. అద్దం వైపు కాసేపు అలాగే చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి పక్కకు తప్పుకున్నాడు.

“నేను ముట్టుకోనన్నా,” అన్నాడు. “అమ్మా దీపికా, నువ్వు రా తల్లీ. నువ్వే చూడు.”

దీపిక డ్రైవర్ సీట్లో కూర్చుంది. అద్దం మీద ఓ మూల రూపాయి బిళ్లంత గంధం, దాని మీద కుంకుమ, రెండూ ఎండి పెచ్చు కట్టి ఉన్నాయి. బయట తండ్రి ఇంకా అరుస్తూనే ఉన్నాడు. పోలీస్ స్టేషనంటున్నాడు, కోర్టంటున్నాడు, ఊళ్లో ఎలా బతుకుతావో చూస్తానంటున్నాడు. ఆమె సీసాలో నీళ్లతో చున్నీ కొస తడిపి, బొట్టును గట్టిగా తుడిచింది.

దాని కింద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలుగుతోంది.