రెండు ముక్కల్లో

“అయిదో అధ్యాయం ఏది నాయనా?”

ఆస్పత్రి నర్సమ్మ తన ఫోన్‌ను వెబ్ ఎడిటర్ మొహం ముందు పెట్టింది. క్యాన్సర్ ఆస్పత్రిలో కొత్త రోగులకు ఇచ్చే పుస్తకం ఆమె రాసిందే. ఇక అచ్చు వేయడం దండగని ఆస్పత్రివాళ్లు దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టే పని ఇతనికి అప్పగించారు. పేజీ ఆ ఉదయమే జనంలోకి వెళ్లింది.

“తీసేశానండీ,” అన్నాడు ఎడిటర్ కుర్చీలోంచి కదలకుండానే.

“తీసేశావా! జబ్బు సంగతి ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలో ఉన్నది అందులోనే కదయ్యా!”

“చెప్పడానికి పది పేజీలా సిస్టర్ గారూ? ఫోన్‌లో చదివేవాళ్లకి అంత ఓపికెక్కడిది? అసలు విషయం పైనుండాలి. వాక్యం పొట్టిగా ఉండాలి. మీరేమో చాంతాడంత రాశారు.”

అతను అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అచ్చు పుస్తకంలో విషయానికి ముందు ఛైర్మన్ గారి సందేశం, డైరెక్టర్ గారి సందేశం, నాలుగు వైపుల నుంచీ ఆస్పత్రి ఫోటోలు ఉండేవి. వాటన్నిటినీ ఊడ్చేసి మందుల వివరాలు, అత్యవసర నంబరు వేలికి తగిలేలా పైన పెట్టాడు. అది చూసి నర్సమ్మ సంతోషించింది కూడా. కానీ అదే చీపురుకు అయిదో అధ్యాయమూ పోయింది.

“అయినా ఒక వాక్యం ఉంచాను చూడండి. ‘మీ జబ్బు గురించి కుటుంబ సభ్యులతో మాట్లాడండి’ అని.”

“కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టుంది! మాట్లాడమని ఎవరైనా చెబుతారు. నోరు పెగలకే కదా వాళ్లు నా దగ్గర కూర్చుని ఏడ్చేది? ముందు ఎవరికి చెప్పాలి, అవతలివాళ్లు కోప్పడితే ఏమనాలి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోతే ఏం చెయ్యాలి... అవన్నీ నా తెలివి కాదు నాయనా. వాళ్లు పడిన బాధే రాశాను.”

“బాధ ఎవరూ చదవరండీ.” ఎడిటర్ తెర ఆమె వైపు తిప్పాడు. “ఇదిగో, ఇప్పుడు చదువుతున్నవాళ్లు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. వస్తున్నారు, కావలసింది చూసుకుని పోతున్నారు. పేజీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.”

“మరి ఈ చుక్క పోవడం లేదే? పైకీ కిందకీ తిరుగుతోంది.”

“పొద్దుట్నుంచీ అంతే. ఎవరో పనిలేనివాళ్లు.”

నర్సమ్మ కుర్చీలో కూలబడింది. అచ్చు పుస్తకాలు నిండుకున్నాయి, మళ్లీ వేయరు. తను విన్న ఏడుపులన్నీ గంగలో కలిసిపోయాయనిపించి ఆమెకు దుఃఖం ఆగలేదు.

అంతలో కంప్యూటర్ చిన్నగా మోగింది. ‘ఈ పేజీ మీకు ఉపయోగపడిందా?’ అన్న ప్రశ్నకు ఎవరో ‘లేదు’ అని నొక్కి, కింద రాశారు. నర్సమ్మ కళ్లు తుడుచుకుని పైకి చదివింది.

“ఆస్పత్రిలో పుస్తకం అడిగితే అయిపోయాయి, ఇందులో చూసుకోమన్నారు. ఇంట్లో ఎలా చెప్పాలో ఎంత వెతికినా దొరకలేదు. మా ఆయన చెడ్డవారు కాదు. కాకపోతే ఏదైనా రెండు ముక్కల్లో తేల్చమంటారు. ఇది రెండు ముక్కల్లో చెప్పడం నాకు చేతకావడం లేదు. ఎవరైనా ఒక్కసారి ఫోన్ చేస్తారా?”

కింద నంబరు ఉంది.

“చెయ్యి నాయనా,” అంది నర్సమ్మ. ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. “మొగుడికి ఎలా చెప్పాలో నువ్వే చెప్పు ఆవిడకి. నీ ఒక్క వాక్యంలో.”

“దానికేం భాగ్యం? చెబుతాను.” ఎడిటర్ విసుగ్గా జేబులోంచి ఫోన్ తీశాడు. “ఏముంది ఇందులో? ఆయన పక్కన కూర్చుని, ఉన్నమాట చెప్పేయమంటాను. అంతే కదా!”

తెర చూస్తూ అంకెలు ఒక్కొక్కటే నొక్కాడు. చివరి అంకె పడగానే, అతని ఫోన్ ఆ నంబరు ఎవరిదో చూపించింది: ‘మా ఆవిడ’.