ఆరు లీటర్ల సీసా

ఈ ఉదయం ఆ పెద్ద వైన్ సీసా మూత చుట్టూ చీమలు పట్టి ఉంటే, నేనే తుడిచేశాను.

పర్ణశాల దగ్గర శ్రీనివాస్ మామయ్య కట్టిన రిసార్టు ఇవాళే మొదలు. ఆరు లీటర్ల ఆ ఫారిన్ సీసాను గుమ్మం ముందు అలంకారానికే పెట్టారు. కానీ గూడెం పెద్ద బొజ్జయ్య ఊరుకోలేదు.

"కొత్త ఇంట్ల ముందుగాల పోయిన పెద్దలకు చుక్క పొయ్యాలె సారూ. లేకుంటే మావోళ్లు పనికి రారు. ఇప్పసారా వద్దంటివి, గా బుడ్డే తియ్యి."

హైదరాబాదు అతిథులంతా చూస్తున్నారు. మామయ్యకు మూత తీయక తప్పలేదు.

"పాత సరుకు! నిలవపెట్టిన ఓక్ పీపా చెక్క వాసన చూడండి," అన్నాడో అతిథి, గ్లాసు పట్టుకుని కళ్లు మూసుకుని.

బొజ్జయ్య ఆకుదొప్పలోంచి నేల మీద రెండు చుక్కలు వదిలి, మిగిలింది నాలుకకు తగిలించుకున్నాడు. నవ్వాడు.

"పిల్లగాండ్లూ, జల్దీ రాండ్రి! సారు మీకోసమే తెచ్చిండు."

గూడెం పిల్లలు దొప్పలు పట్టుకుని మళ్లీ మళ్లీ తాగారు.

"పసివాళ్లకు వైనా! ఈ అడవి జనం మారరు," అంటూ అతిథులు ఫోన్లు తీసి వీడియో పట్టారు. మామయ్య కూడా వాళ్లతోపాటు విచారంగా తల ఊపారు.

ఆ సీసాను మామయ్య ఖాళీదే కొన్నారు. నిన్న అత్తయ్య దాని నిండా ద్రాక్ష షర్బత్ పోసింది.