కూర్చుని తినే రోజు

“కోట ముందు గొడుగుల కింద బల్లలు వేశారు చూశారా, అక్కడ మాత్రం తినకండి,” అంది గైడు. “మీరిచ్చే డబ్బు ఆ నీడకే సరిపోతుంది. తిండి కొసరు.”

పెద్దావిడ గొడుగుల వైపు తిరిగి ఒకసారి గాలి పీల్చింది. “నిన్నటి నూనె,” అంది.

“ఇక్కణ్ణుంచే తెలిసిపోయిందా పిన్నిగారూ?”

“మా ఆవిడ ముక్కు అలాంటిది,” అన్నాడు పెద్దాయన, ఆ ముక్కు తనే దగ్గరుండి చేయించినంత గర్వంగా.

గైడు నవ్వింది. వసపిట్ట లాంటి పిల్ల. పొద్దున్న కోట గుమ్మం దగ్గర ఈ దంపతులే తమంతట ఆమె దగ్గరికి వచ్చారు. ఆమెకు రోజూ తగిలేవాళ్ళలా ఫోటోల గొడవ లేదు, బేరం అసలే లేదు.

“రేపు పొద్దున బండికి వెళ్ళిపోతున్నాం,” అన్నాడు పెద్దాయన. “ఈలోగా మా ఆవిడకి ఊరు చూపించాలి. మధ్యాహ్నం ఎక్కడైనా మంచి భోజనం పెట్టించాలి. తను లేవకూడదు, ఎవరికీ వడ్డించకూడదు. కూర్చుని తినాలి.”

ఆయన మనసులో ఇంకో ఆశ కూడా ఉంది. ఊరు చూశాకైనా ఆవిడ మెత్తబడి, ఇంకొన్నాళ్ళు ఉండిపోదాం అంటుందేమోనని. ఆవిడ మాత్రం నిన్న సాయంత్రమే పెట్టెలు కట్టేసింది.

టికెట్ల కిటికీ పక్కన ‘ఊరివాళ్ళకు ఉచితం’ అని బోర్డు ఉంది. పెద్దాయన దాన్ని చదివి భార్య వైపు చూశాడు.

“కొనండి,” అంది ఆవిడ. “రేపు పోయేవాళ్ళం.”

ఆయన రెండు టికెట్లు కొన్నాడు.

గైడు నోటికి అడ్డూ ఆపూ లేదు. ఏ గోడ ముందు నిలబడితే ఎండ కళ్ళలో పడదో చెప్పింది. మంచినీళ్ళ సీసా కొనక్కర్లేదని, మ్యూజియం వెనక కుళాయి ఉందని చెప్పింది. కోట చూడ్డానికి కొత్త చెప్పులతో రాకూడదని కూడా చెప్పింది గానీ, అప్పటికే పెద్దాయన కాలికి కొత్త చెప్పులు కరిచేశాయి.

లోపల టీకొట్టు దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి, బురుజు ఎక్కనిస్తారో లేదో కనుక్కోవడానికి గైడు వెళ్ళింది. పెద్దాయన దిక్కులు చూస్తున్నాడు. ఆవిడ కప్పు ఆయన ముందుకు జరిపి, బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టింది. ఆయన ఇటు తిరిగి తాగాడు. తాగడం అయ్యాక పక్క బల్ల మీది ఖాళీ కప్పులు కూడా కలిపి ఒకదాంట్లో ఒకటి పేర్చబోయాడు.

“ఇవాళొక్కరోజు వదిలెయ్యండి,” అంది ఆవిడ.

ఆయన నాలుక కరుచుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

బురుజు పైకెక్కాక ఆవిడ గోడ అంచు పట్టుకుని కిందికి చూసింది. కింద నది వంపు తిరిగి ఉంది. దాని ఒడ్డున ఎర్ర పెంకుల ఇళ్ళు, వాటి మధ్య సన్నటి సందులు. గాలికి చెంగు ఎగురుతున్నా పట్టించుకోలేదు.

“ఇంత బావుంటుందా ఈ ఊరు,” అంది.

“అందుకే చెప్తున్నా. ఇంకొన్నాళ్ళు ఉందాం.”

“ఊరు బావుంటే మనకేంటండీ? మనమంటూ ఇద్దరం ఉన్నామని ఇక్కడ ఎవరికైనా తెలుసా? రేపు బండెక్కితే, అయ్యో వెళ్ళిపోయారే అనేవాళ్ళు ఒక్కళ్ళు లేరు. అలిసిపోయాను. వెళ్ళిపోదాం.”

పెద్దాయన మనసు చివుక్కుమంది.

ఆఖరి మాటలు గైడు చెవిన పడ్డాయి. “చూసిపోయేవాళ్ళని ఏ ఊరూ గుర్తుపెట్టుకోదు పిన్నిగారూ. దానికేం బాధపడతారు? ముందు భోజనానికి పదండి. నేను తినే చోటికి తీసుకెళ్తా. అందరికీ చెప్పను.”

కోట వెనక మెట్లు దిగి, చేపల బజారు దాటి, ఒక సందులోకి తిప్పింది. పెద్దావిడ నడక నెమ్మదించింది. పెద్దాయన ఏదో అనబోతే ఆవిడ ఆయన చెయ్యి నొక్కింది.

సందు చివర ఆకుపచ్చ తలుపు, పక్కన గోడలో నడుము ఎత్తున చిన్న కిటికీ, దాని ముందు అరిగిన చెక్క. తలుపూ కిటికీ రెండూ మూసి ఉన్నాయి.

“అయ్యో, మూసేశారే,” గైడు ముఖం చిన్నబోయింది. “కోట తెరిచిన ప్రతిరోజూ ఇక్కడ పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళలో మూయడం ఇదే చూస్తున్నా.”

“అంత బావుంటుందా?” అడిగింది పెద్దావిడ.

“బావుండటం కాదండీ. లోపల ఎవరున్నారో నేనెప్పుడూ చూడలేదు. ఈ కిటికీలోంచి గిన్నె వస్తుంది, ఒక చెయ్యి కనిపిస్తుంది, అంతే. ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు బేరాల్లేవు. కుళాయి నీళ్ళు తాగి ఈ మెట్టు మీద కూర్చున్నా. అడక్కుండానే ఆ చెయ్యి వేడిగా గిన్నె ముందుకు తోసి, తినమన్నట్టు ఈ చెక్క మీద ఇలా తట్టింది.” గైడు వేలితో చెక్క మీద రెండుసార్లు తట్టింది. “మా అమ్మ తర్వాత నాకు అడక్కుండా పెట్టింది ఆ చెయ్యే. ఒకసారి లోపలికెళ్ళి ఆ మాట చెప్పాలనుకుంటా. పనిలో ఉంటారని మొహమాటం. వీళ్ళు లేకపోతే ఈ ఊళ్ళో నాకేం బావుంటుంది చెప్పండి.”

పెద్దావిడ ఆ చెక్కనే చూస్తూ నిలబడింది.

“ఇంకోచోటికి పోదాం పద,” అన్నాడు పెద్దాయన. “ఇవాళ నువ్వు కూర్చుని తినాలి.”

“నువ్వు తిన్నావా అమ్మాయీ?” అంది ఆవిడ, ఆయన మాట విననట్టే.

“మిమ్మల్ని కూర్చోబెట్టాకే కదా పిన్నిగారూ.”

“ఏవండీ, రేపటి టికెట్లు వెనక్కిచ్చేయండి.”

ఆవిడ చేతిసంచిలోంచి తాళంచెవి తీసి, ఆకుపచ్చ తలుపు తెరిచింది.