సంసోనుకి సూది

ఫ్లోరెన్స్ క్యాలెండర్లో ఇరవయ్యో తారీకు మీద గీత కొట్టింది. ఇంకా పదే రోజులున్నాయి.

వెనకాల సంసోను బకెట్లో తల దూర్చి నీళ్లు తాగి, లేచేటప్పుడు బకెట్‌ని కూడా మెడలో వేసుకుని లేచాడు. ఇల్లంతా చెరువైంది.

"ఓరి నాయనో! నిన్ను సూసి నవ్వాలో ఏడవాలో తెల్డం లేదురా నాకు!"

నాలుగు నెలల గ్రేట్ డేన్ పిల్ల. అప్పుడే పాతిక కిలోలు. కాళ్లు గబగబా పెరిగిపోయాయి, వాటిని ఎలా వాడాలో బుర్రకి ఇంకా తెలియలేదు. ఆ ఉక్కునగరం క్వార్టర్స్ మెట్లు దిగేటప్పుడు ముందు సగం ఒక వైపు పోతే, వెనక సగం ఇంకో వైపు పోతుంది. పొద్దున్నే కింది వాటా సాయిశంకర్ వాళ్లమ్మని ముద్దుచెయ్యబోయి, పాలగిన్నెతో సహా కూలదోశాడు. ఆవిడకి దెబ్బేం తగల్లేదు. కొడుక్కి మాత్రం కోపం నెత్తికెక్కింది.

"ముప్పయ్యో తారీకులోగా రేబీస్ సూది ఏయించి సర్టిఫికెట్టు సూపించండక్కా. లేపోతే ఈ ఏనుగుని ఎక్కడికైనా పంపీండి. లేదంటే నాను కంప్లైంటు రాసేత్తాను."

పంపించెయ్యడమా! పిల్లల్లేని ఇంట్లో, షిఫ్టులకి పోయే మొగుడితో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చింది ఫ్లోరెన్స్. ఆమె కూరల సంచితో వస్తుంటే గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చే ప్రాణి వీడొక్కడే. వీడు లేకపోతే తను ఉండలేదు. అంతే.

సూదికెంతసేపులే అనుకుని అప్పుడే టౌన్‌షిప్ గేటు బయటున్న పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడే వచ్చింది చిక్కంతా. తడి గచ్చు మీద జారి, సంసోను బల్లకి గుద్దుకున్నాడు. ట్రే ఎగిరి పడింది. సీసాలు బద్దలయ్యాయి. ఎవరో కెవ్వుమన్నారు. సంసోను బెంచీ కిందకి దూరిపోయి, రానంటే రానన్నాడు.

అనకాపల్లి అవతలి నుంచి కొత్తగా మారి వచ్చిన డాక్టరు సూర్యకళ లోపలి గది తలుపు సందులోంచి చూసింది. పాపం, ఆమె మొహం పాలిపోయి ఉంది.

"ఇంత భయం పెట్టుకుని సూది వెయ్యడం మంచిది కాదండీ. రోజూ ఒకసారి తీసుకురండి. సూది లేదు, ముట్టుకోవడం లేదు. దూరంగా కాసేపు కూర్చుని వెళ్లిపోండి. మెల్లగా అదే అలవాటవుతుంది."

సంసోను అటెండరు పాపాయమ్మ చెప్పు నములుతూ బెంచీ కింద నుంచి బయటికొచ్చాడు. భయమేస్తే ఏదో ఒకటి నములుతాడు పిచ్చి వెధవ, అనుకుంది ఫ్లోరెన్స్.

మర్నాటి నుంచి రోజూ అదే పని. వీళ్లు గేటు దగ్గర. వాడు బెదరకూడదని కాబోలు, డాక్టరమ్మ వరండా చివర కుర్చీ వేసుకుని అక్కణ్ణుంచే బిస్కెట్లు విసిరేది. నాలుగో రోజు కుర్చీ కాస్త ముందుకి జరిగింది. ఐదో రోజు ఇంకాస్త. ఆరో రోజు ఆమె వెనక నుంచి వచ్చి తోక మీద ఒక్క వేలు ఆనించింది. సంసోను గిర్రున తిరిగి ఆ చెయ్యి నాకాడు. డాక్టరమ్మ చరచరా లోపలికెళ్లిపోయింది. ఫోనొచ్చి ఉంటుంది.

ఇంటి దగ్గర ఫ్లోరెన్స్ ఊరుకుందా! దూది స్పిరిట్లో ముంచి ముక్కుకి చూపించేది. మెడ మీది తోలు పట్టుకుని పెన్ను మూతతో పొడిచేది. పొడిచినప్పుడల్లా ఒక ఉడకబెట్టిన గుడ్డు ముక్క. రెండో రోజుకే వాడు తనంతట తనే మెడ వంచి నిలబడ్డాడు. ఇంట్లో ఇంత బుద్ధిమంతుడు, ఆసుపత్రిలో ఏమవుతోందో! ఆదివారం చర్చిలో వాడి పేరు మీద ప్రార్థన కూడా చేయించింది. "సంసోనంటే ఎవరమ్మా, మీ అన్నయ్యగారి అబ్బాయా?" అని పాస్టరుగారు అడిగితే అటూ ఇటూ కాకుండా తలూపింది.

ఇరవై ఎనిమిదో తారీకుకి ఆమె ఓపిక అయిపోయింది.

"ఏటండీ డాట్రుగారూ, ఇంకెన్నాళ్లు? ఎల్లుండే ముప్పయ్యి! నా పిల్లోణ్ణి పంపీమంతన్నారండీ!"

ఆ గొంతు విని పాపాయమ్మ చీపురు పక్కన పడేసి వచ్చింది. "ఇలాగివ్వండమ్మా, నానేసేత్తాను. సిటికెలో పని."

"వద్దు పాపాయమ్మా. నేనే వెయ్యాలి." డాక్టరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు తప్పించుకుంటే ఈ భయం జన్మలో పోదు. ఒక్క రెండు రోజులు ఆగండమ్మా."

కుక్క కోసం ఇంత ఇదైపోయే మనిషిని ఫ్లోరెన్స్ ఎక్కడా చూడలేదు. ఇంకేం అనలేక వచ్చేసింది. ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు.

ముప్పయ్యో తారీకు పొద్దున్న డాక్టరమ్మ నేల మీదే చతికిలబడి కూర్చుంది. చేతిలో సూది. సంసోను ఊగుకుంటూ వెళ్లి, తలకాయ బరువంతా ఆమె ఒళ్లో వాల్చేశాడు. "హో... హో..." అంటూ డాక్టరమ్మ పాడిగేదెని బుజ్జగించినట్టు వాణ్ణి బుజ్జగించింది. కళ్లు మూసుకుంది. తెరిచింది. మెడ తోలు పట్టుకుని సూది వేసేసింది.

సంసోను ఆవులించాడు.

డాక్టరమ్మ వాడి మెడ కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సర్టిఫికెట్టు మీద సంతకం వంకరటింకరగా పడింది. అయితేనేం, పడింది కదా! ఫ్లోరెన్స్ ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుంది. గేటు దాకా సాగనంపడానికి వచ్చిన పాపాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎంత ఓపికమ్మా ఆ తల్లికి! పది రోజుల్లో మావోడి భయం పోగొట్టేసింది."

"మీవోడికి భయవేటమ్మా," పాపాయమ్మ కొత్త చెప్పులు సంసోనుకి అందకుండా వెనక్కి జరుపుతూ నవ్వింది, "సిన్నప్పుడు కుక్క కరిసిన కాడ్నించి గేదెల వైద్యంతోనే నెట్టుకొచ్చేసిన మా డాట్రమ్మకి గదా, మీవోడు ఈ పది రోజులూ భయం తీర్చింది!"