ఆరని గుర్తు

వర్ధా నది పొంగినప్పటి నుంచీ ఆ దిబ్బ మీది నాలుగిళ్లకూ రాకపోకల్లేవు. నీళ్లు కాస్త తగ్గాయని తెలియగానే నర్సు సరోజ, పోలియో చుక్కల డబ్బా భుజాన వేసుకుని ఎల్లన్న పడవెక్కింది. చేరేసరికి చీకటి పడింది. ఎల్లన్న ఒడ్డునే ఆగి బీడీ ముట్టించాడు.

మొదటి ఇంట్లో మల్లవ్వ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని దీపం ముందు కూర్చుంది. సరోజ అలవాటుగా పిల్ల ఎడమ చిటికెన వేలు చూసింది. గోటి మీద నల్లటి గుర్తు. చుక్కలు పడ్డ పిల్లలకే ఆ గుర్తు పెడతారు. రుద్ది చూస్తే సిరా ఆమె వేలికీ అంటింది.

"చుక్కలు ఎవరేసిండ్రవ్వా?"

"సిస్టరమ్మనే ఏసింది."

"ఏ సిస్టర్? గీ దిక్కు నేను తప్ప ఎవ్వరు రారు గదా."

మల్లవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. పిల్లను గుండెకు దగ్గరగా లాక్కుంది.

"ఆమె సుత గిదే మాట చెప్పింది. గిదే చీర, గిదే డబ్బా. నువ్వెవరు బిడ్డా?"

"ఇప్పుడు యాడుందామె?"

"నీ అలికిడి ఇని ఎనుక దర్వాజ నుంచి పోయింది."

బయట కప్పల అరుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒడ్డు నుంచి ఎల్లన్న గొంతు వినిపించింది.

"గింత జల్దీ అయిపోయిందా సరోజమ్మా? డబ్బా ఇటియ్యి. జర పైలంగ కూసో."

సరోజ తన భుజాన ఉన్న డబ్బాను గట్టిగా పట్టుకుంది.

నీళ్లలో తెడ్డు చప్పుడైంది. మళ్లీ అయింది, ఇంకాస్త దూరంగా.