మేస్త్రీ లేని మిషను

“చెయ్యెందుకే ఎత్తావు?” అంది అక్క, ఇంజెక్షను పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయి.

చెల్లెలు తన చేతిని తానే పరాయిదాన్ని చూసినట్టు చూసి దించేసింది. బట్టల ఫ్యాక్టరీలో మిషను దగ్గర్నుంచి లేవాలంటే చెయ్యెత్తాలి, మేస్త్రీ తలూపాలి. పదకొండేళ్ల అలవాటు.

“షుగరు ముదిరిందనేగా అక్కడ మానేసి, ఇంట్లో సొంతంగా కాలిమిషను పెట్టుకున్నావు! ఇంజెక్షను వేళ దాటి గంటైంది. లే.”

“ఈ కాలరొక్కటి అయిపోనీ అక్కా. ఇప్పుడిప్పుడే నలుగురూ వస్తున్నారు. మాట తప్పితే మళ్లీ గడప తొక్కరు.”

“పొద్దున్నుంచీ అదే పాట. ఇప్పుడు నీ మీద మేస్త్రీ ఎవరే? నువ్వేగా!”

“ఆయనే నయం. రెండోసారి చెయ్యెత్తితే పంపేవాడు.”

నవ్వుతూ అనలేదు, ఏడుస్తూనూ అనలేదు. కొలతలు చదివినట్టు చెప్పింది.

అక్క వంగి, మిషను చక్రం మీంచి బెల్టు తప్పించింది. సూది ఆగిపోయింది.

చెల్లెలు ఆగిన సూదినే చూస్తూ కూర్చుంది. కింద, ఏనాడో స్పర్శ పోయిన ఆమె పాదాలు మాత్రం ఇంకా తొక్కుతూనే ఉన్నాయి.