ఊనాకు దొరికిన అమెరికా చుట్టం

అద్దెకారు దారులు చీలే చోట ఆగడం చూసి, ఊనా బాయిల్ కోళ్లకు వేస్తున్న గింజల గిన్నె అక్కడే పడేసి సన్నటి వానలో పరుగెత్తింది. ఎడమకు తిరిగిందంటే ఆ కారు డీలియా ఇంటికి పోతుంది. పోనిస్తే ఇంకేమైనా ఉందా!

ఐర్లండ్‌లో, డోనెగాల్ కొండవాలులోని ఆ ఊళ్లో పదకొండు గడపలు. పదకొండూ బాయిల్ వాళ్లవే. వేసవి రాగానే ముత్తాతల ఇల్లు వెతుక్కుంటూ అమెరికా నుంచి ఎవరో ఒకరు దిగుతారు. దిగినవాళ్లంతా తిన్నగా డీలియా ఇంటికే! వాళ్లను వెంటేసుకుని ఆవిడ ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. "నీకంటూ అక్కడ ఎవరూ లేరా ఊనా, పాపం?" అని మొన్న నలుగురి ముందూ అడిగింది. అప్పటినుంచీ ఊనాకు కడుపు ఉడికిపోతూనే ఉంది.

కారులోంచి యాభై దాటిన ఒకావిడ కాగితాల కట్టతో దిగింది.

"నా పేరు లొరెయిన్ అండీ. మా ముత్తాత జాన్ బాయిల్ ఈ ఊరివాడే. 1886లో ఓడెక్కాడు. వాళ్ల నాన్న పేరు మానస్. ఆయన ఇల్లేదో చెప్పగలరా?"

ఊనాకు తెలియకేం? దర్జీ మానస్! డీలియా మొగుడి ముత్తాతకు స్వయానా తండ్రి. అంటే ఈవిడ కూడా దానికేనా? ఊనాకు ఒళ్లు భగ్గుమంది.

"ఏ ఇల్లేమిటమ్మా, మా ఇల్లే!" అనేసింది. "మానస్ మా ఆయన ముత్తాతకు తండ్రి. ఆ లెక్కన నువ్వు నాకు ఆడపడుచువి! రా రా, తడిసిపోతున్నావు."

లోపల వేడివేడి టీ పోసింది. పొద్దున కాల్చిన రొట్టె కోసి, వెన్న దట్టంగా పూసి పెట్టింది.

"ఇదిగో, ఈ పొయ్యి పక్కనే పుట్టాడు మీ జాన్."

లొరెయిన్ ఆ రాళ్లను తడిమి చూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊనా మనసు మాత్రం అప్పుడే ఆదివారం చర్చిలో ఉంది. ముందు వరసలో తనూ, తన అమెరికా ఆడపడుచూ. వెనకాల మొహం మాడ్చుకుని డీలియా.

"మరి ఆ కింద ఇంటి బాయిల్స్?" లొరెయిన్ మెల్లగా అడిగింది. "వాళ్లూ మనకు చుట్టాలేనా?"

"డీలియా వాళ్లా?" ఊనా చెయ్యి విదిలించింది. "ఇంటిపేరు ఒకటైతే రక్తం ఒకటైపోతుందా? వాళ్ల వంశం వేరు, మన వంశం వేరు. వాళ్లకీ నీకూ బాదరాయణ సంబంధం కూడా లేదు."

"కచ్చితంగానా?"

"ఫాదర్ ముందు బైబిల్ మీద చెయ్యేసి చెబుతా!"

"ఆ మాటే కాగితం మీద రాసిస్తారా?"

తన చేతిరాత అమెరికాలో గోడకెక్కబోతోందన్నమాట! ఊనా కళ్లజోడు వెతుక్కుని, పొందిగ్గా రాసి, తేదీతో సహా సంతకం పెట్టింది.

లొరెయిన్ దాన్ని రెండుసార్లు చదువుకుంది. మడిచి భద్రంగా సంచిలో పెట్టుకుని, ఊనాను గట్టిగా కౌగలించుకుంది.

"నా కడుపులో పాలు పోశారు వదినా! ఇక్కడ చదువుకోడానికొచ్చిన మా అమ్మాయి, చేసుకుంటే ఈ ఊరబ్బాయినే చేసుకుంటానని ఏడాదిగా ఒకటే గొడవ. ఒకే రక్తమేమోనని నేనే అడ్డం పడుతున్నా. అబ్బాయి వాళ్లనడిగితే పెళ్లి కోసం ఏదైనా చెబుతారు కదా, అందుకే వాళ్ల గడప తొక్కకుండా మిమ్మల్నడిగాను. ఇక పదండి, డీలియాగారికి, అదే, మా వియ్యపురాలికి, ఈ శుభవార్త మీ నోటితోనే చెబుదురుగాని!"